బెదురు పిల్లలు

పిల్లల స్వభావమును గూర్చి మన పల్లెలలో రెండు సామెతలు వాడుకలో నున్నవి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు" అనునది యొకటి. "మొక్కై వంగనిది మానై వంగునా" అనునది రెండవది. స్వభావము మాఱదని మొదటి దాని తాత్పర్యము. చిన్ననాడు వంచినచో వంగునని రెండవ దాని తాత్పర్యము. ఒకే అరుగుమీద కూర్చుండి, ఒకే పెద్దమనిషి, ఒకే పిల్లవానిని గూర్చి ఉదయము మొదటి సామెతయు సాయంకాలము రెండవ సామెతయు చెప్పగా నేను వినియున్నాను. రెండును సంపూర్ణముగా సత్యములు కాజాలవు గదా. వీనిలో నేది యెంతవఱకు సత్యమో, ముఖ్యముగా బెదురు స్వభావముతో పుట్టిన పిల్లల విషయమున, సుమారు 70 ఏండ్లుగా జరిగిన పరిశోధనలు కొంత తేల్చినవి. ఆ సంగతులను మన రాయలసీమ బ్రతుకునకు అన్వయించి చెప్పుటయే నేటి నా ప్రసంగము.

నేను 34 ఏండ్లు కర్నూలు, కడప జిల్లాల ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడుగా నుంటిని. ప్రతి సంవత్సరము జూన్ మాసమున చుట్టుప్రక్కల పల్లెలనుండి ఆఱవ తరగతిలోనికి క్రొత్త పిల్లలు వచ్చెడివారు. వారిలో ఒకడు మధ్యాహ్న భోజనపు గంట కొట్టకమునుపే అందఱి పేర్లును ఇంటిపేర్లును తెలిసికొనును. ఒకడు బల్లమీద చోటుకొఱకు కలహించును. వేఱొకడు గుమ్మము పట్టుకొని నిలుచును. పేరడిగిన తల వంచుకొనును. జూలై గడచువఱకు వాని కంఠస్వర మెట్టిదో ఉపాధ్యాయుడెఱుగడు. ఈ మూడవవానినే మనవారు "బెదురుగొడ్డు" అని తీసివేయుదురు. ఇంటిలో వాడు చక్కగా మాటలాడును, తమ్ముని ఆడించును, అవ్వకు బడి కబుర్లు చెప్పును. క్రొత్త ముఖము, క్రొత్త చోటు, క్రొత్త పని ఎదురైనపుడు మాత్రమే వాని కాళ్లు నేలకంటుకొనిపోవును. వాడు తెలివితక్కువవాడు కాడు, పెంకెవాడును కాడు. వాని దేహము క్రొత్తదనమును అపాయముగా లెక్కించుచున్నది, అంతే.

ఈ భేదమును మన పూర్వులు గుర్తింపకపోలేదు. చరకసంహితలోని విమానస్థానమున ప్రకృతులను వర్ణించునపుడు, వాతప్రకృతి గలవారికి భయమును అనురాగమును శీఘ్రముగా కలుగునని చెప్పబడినది. ప్రకృతి యనునది తల్లిదండ్రుల బీజమును, గర్భాశయమును, గర్భిణి యాహారవిహారములను బట్టి యేర్పడునని ఆ గ్రంథముననే యున్నది. ప్రాచీన గ్రీకు వైద్యులును శరీరమునందలి రసములను బట్టి మనుష్యులను నాలుగు తెగలుగా విభజించిరి. నేటి మనశ్శాస్త్రము ఈ విభాగములను అనుసరింపదు. కాని పిల్లలు పుట్టుకతోనే ఒక్కొక్క పోకడతో వత్తురను మూలమైన మాట నిలిచినది. కవలపిల్లలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు స్వభావభేదములలో ఇంచుమించు సగము పాలు వంశానుగతమనియు, తక్కినది బ్రతుకులో తటస్థించు సంగతుల ఫలమనియు లెక్కకట్టిరి.

1956లో న్యూయార్కు నగరమున అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్యదంపతులు 133 మంది పిల్లలను శైశవమునుండి పెద్దవారగువఱకు కనిపెట్టి చూచు పని మొదలుపెట్టిరి. శిశువు చురుకుదనము, ఆకలినిద్రల క్రమము, క్రొత్తదానిని సమీపించుటయో వెనుకాడుటయో, మార్పునకు అలవాటుపడు తీరు మొదలగు తొమ్మిది లక్షణములను వారు గమనించిరి. నూటికి సుమారు 40 మంది సుళువుగా పెరుగువారు. సుమారు 10 మంది పెద్దల ఓర్పును పరీక్షించువారు. సుమారు 15 మంది మెల్లమెల్లగా కలియువారు. తక్కినవారిని ఏ యొక్క తెగలోను చేర్పవీలులేదు. గుమ్మము పట్టుకొని నిలిచిన నా శిష్యుడు ఆ మెల్లమెల్లగా కలియు తెగకు చెందినవాడు.

ఆ తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయమున జెరోమ్ కేగన్ అను పండితుడు మఱింత వెనుకకు పోయి, 4 నెలల పసికందులను పరీక్షించెను. వారి కన్నుల ముందర రంగురంగుల బొమ్మలను ఆడించిరి. ముద్రించిన కంఠధ్వనులను వినిపించిరి. ఘాటైన వాసనగల దూదిని ముక్కునొద్ద చూపిరి. నూటికి సుమారు 20 మంది శిశువులు కాలుసేతులు గట్టిగా తన్నుకొని, వీపు విఱచి, ఏడ్చిరి. సుమారు 40 మంది నిమ్మళముగా చూచుచుండిరి. విచిత్రమేమనగా, నాలుగవ నెలలో గోలచేసిన శిశువులే రెండవ యేట క్రొత్తవారిని చూచి తల్లి కొంగు చాటునకు పోయి, మాటలేక నిలుచువారుగా ఎక్కువగా తేలిరి. ఊయలలో గందరగోళము చేసినవాడే బడిలో మూగనోము పట్టునన్నమాట. మెదడులో బాదముపలుకును పోలిన యొక చిన్న భాగము కలదు. అపాయమును పసిగట్టి గుండెకును కండరములకును హెచ్చరిక పంపుట దాని పనులలో నొకటి. 2003లో కేగనును ఆయన సహచరులును, రెండవ యేట బెదురుగా నుండి అప్పటికి యువకులైనవారి మెదడులను యంత్రముతో చిత్రించి చూచిరి. పరిచయము లేని ముఖములను చూపినపుడు ఆ భాగము వీరియందు ఇతరులకంటె హెచ్చుగా చలించెను. కాబట్టి బెదురు అనునది పిల్లవాడు కావలెనని చేయు వేషము కాదు, తల్లి గారాబము వలన మాత్రమే పుట్టినదియు కాదు.

ఇక తల్లిదండ్రులు అడుగు ప్రశ్న: ఇట్టి పిల్లలకు ముందుముందు ఏమగును? 2012లో అంతకుముందు జరిగిన పలు పరిశోధనలను కలిపి లెక్కించిరి. పసితనమున మిక్కిలి బెదురుగా నున్న పిల్లలలో నూటికి సుమారు 43 మందికి పెరిగిన పిదప సభాకంపము ముదిరి రోగమైనది. అనగా నలుగురిలో తినుటకు, మాటలాడుటకు, ప్రశ్న అడుగుటకు సైతము భయపడి, చదువును ఉద్యోగమును విడుచుకొను స్థితి. ఇతర పిల్లలలో అట్టివారు సుమారు 12 మంది మాత్రమే. న్యూజిలాండు దేశమున డునెడిన్ నగరములో 1972–73లో పుట్టిన 1037 మందిని నేటివఱకు అనుసరించుచున్న పరిశోధకులును ఇట్టిదే యొక సంగతి చెప్పిరి. మూడవ యేట బెదురుగా నున్నవారిలో 21వ యేట మనసు క్రుంగుపాటునకు లోనైనవారు ఎక్కువ. పట్టపగ్గములు లేక చెలరేగు పిల్లలకు వేఱు చిక్కులు కలవు. అది మఱియొక ప్రసంగమునకు తగిన విషయము.

ఈ 43 అను సంఖ్యను రెండు వైపులనుండి చదువవలెను. 12తో పోల్చినపుడు 43 పెద్దది. "వయసు వచ్చిన అన్నియు సర్దుకొనును" అని చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. కాని నూటిలో 43 పోగా 57 మిగులును. అదే బెదురుతో పుట్టి, సగముకంటె ఎక్కువమంది ఆ రోగము పాలు గాక గట్టునబడిరి. కాబట్టి పుట్టుక బుద్ధి పుడకలవఱకు వచ్చునను సామెత సగము మాత్రమే నిజము. స్వభావము వెంట వచ్చును, రోగము తప్పక రావలెనని లేదు. ఆ రెంటి నడుమనున్న త్రోవలో పెద్దలు చేయదగిన పని యున్నది.

ఆ పనిని చెప్పుటకు ముందు, బెదురు గాని మంకు గాని దోషములని తలచువారికి ఒక సంగతి చెప్పవలెను. 1970ల నడుమ తూర్పు ఆఫ్రికాలో అనావృష్టి కలిగినపుడు, మార్టెన్ డెవ్రీస్ అను వైద్యుడు కెన్యా దేశపు మసాయి పశుపాలకుల శిశువులను పరిశీలించెను. సాధువులని గుర్తించిన శిశువులలో మరల కనుగొనగలిగినవారు 7గురు కాగా, వారిలో 5గురు మరణించియుండిరి. మంకువారని గుర్తించిన శిశువులలో కనుగొనబడిన 6గురిలో మరణించినవాడు ఒక్కడు. సంఖ్య మిక్కిలి చిన్నది, దానిపై పెద్ద సిద్ధాంతము కట్టరాదు. అయినను 1876–78 నాటి ధాత కఱవు కథలను తాతల నోట విన్న మనకు దాని భావము బోధపడకపోదు. పాలు తక్కువైన యింట, ఏడ్చి అడిగిన బిడ్డకు పాలు దక్కును. అటులనే జంకువాడు పామున్న పుట్టపై చేయిపెట్టడు. ఏ స్వభావమైనను ఒకచోట బలము, ఒకచోట బలహీనత. చోటునకును స్వభావమునకును పొత్తు కుదిరినదా లేదా అనునదే ముఖ్యము. థామస్ దంపతులు తమ పరిశోధనలన్నిటి సారముగా చెప్పినది ఈ పొత్తునే.

మన రైతులకు ఈ మాట క్రొత్త కాదు. పత్తికొండ ప్రాంతపు ఎఱ్ఱనేలలో మంచి వాన పడిన మఱునాడే గొఱ్ఱు కట్టి వేరుసెనగ వేయవచ్చును. ఆలసించిన తేమ ఆఱిపోవును. కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడిలో ఆ పని సాగదు. వాన వెలిసిన వెంటనే మడకతో దిగినచో ఎద్దుల గిట్టలు దిగబడును, మట్టి కఱ్ఱుకు అంటుకొనును. పదునుకొఱకు కొన్నాళ్లు కాచుకొనవలెను. అట్లని అదను దాటనిచ్చినచో నేల బిగిసి పెళ్లలు లేచును. పదునెఱిగి విత్తిన రేగడి, పైన వాన లేకున్నను లోపలి తేమతో శనగను పండించును. రేగడి మంచి నేల కాదని యే రైతును అనడు. బెదురు పిల్లవాడు రేగడి నేల. వానపడిన మఱునాడే వానిపై మడక తోలరాదు. పదును మించిపోవువఱకు విడిచిపెట్టనురాదు.

నేల మాఱకున్నను కాలము మాఱును. చైనా దేశమున షాంఘై నగరపు బడులలో సిన్‌యిన్ చెన్ అను పరిశోధకుడు 1990లో చూచినపుడు, సిగ్గరి పిల్లలను తోటివారు ఆదరించిరి, గురువులు మెచ్చిరి. 2002లో చూచినపుడు అట్టి పిల్లలనే తోటివారు దూరముగా నుంచిరి. వారియందు మనసు క్రుంగుపాటును కానవచ్చెను. పిల్లల స్వభావము పండ్రెండేండ్లలో మాఱినది కాదు. లోకమునకు కావలసిన గుణము మాఱినది. మనయందును ఒకప్పుడు నోరెత్తని బాలుడు బుద్ధిమంతుడనిపించుకొనెను. నేడు మాటకారితనమే తెలివియని తలచు పోటీలు, ముఖాముఖి పరీక్షలు, కళాశాలల వసతిగృహములు వానికై కాచుకొనియున్నవి. బెదురు పిల్లలపై నేడు బరువు హెచ్చినది.

మన జిల్లాలలో దీనికి తోడు ఎడబాటు అను బరువొకటి కలదు. ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి వానకాలపు పంట ముగిసిన పిదప వేలకొలది కుటుంబములు సుగ్గికి, అనగా కూలిపనులకు, గుంటూరు మిరపతోటల వైపు తరలిపోవును. పిల్లలను వెంట తీసికొనిపోయిన బడి పోవును. అవ్వతాతలయొద్ద విడిచిపోయిన తల్లి దూరమగును. కడప ప్రాంతమునుండి ఎందరో తల్లులు ఇంటిపనులకై కువైటు పోయి ఏండ్లతరబడి అచ్చటనే యుందురు. వారు వేడుకకు పోవుటలేదు. అప్పులు తీర్చుటకును బిడ్డల చదువునకును పోవుచున్నారు. వారిని నిందించుట అన్యాయము. కాని ఇట్టి మార్పును ఒక బిడ్డ పదిదినములలో తట్టుకొనగా, బెదురు బిడ్డకు పదినెలలైనను చాలవని ఇంటనున్న పెద్దలు తెలిసికొనవలెను.

అట్టి బిడ్డ నొకనిని నేనెఱుగుదును. తల్లి కువైటులో నుండెను. అవ్వ పెంచుచుండెను. ఆఱవ తరగతిలో చేరి రెండు నెలలైనను హాజరు పిలిచినపుడు చేయి యెత్తుటయే గాని పలుకుట లేదు. ఒకనాడు అవ్వ బడికి వచ్చి, "అయ్యవారూ, యాడో జడుసుకున్యాడు సామీ, దర్గాలో అంత్రం కూడా కట్టిస్తి, ఐనా నోరు తెరవడు" అనెను. అంత్రమును విప్పుమని నేననలేదు. దానివలన అవ్వకు ధైర్యము కలిగినది, అవ్వ ధైర్యము బిడ్డకు మేలే. వానికి సుద్దముక్కల పెట్టె తెచ్చు పని అప్పగించితిని. పిదప గంటకొట్టు పని. ఆ పిదప నలుగురితో కలిసి పద్యము చదువుట, కొన్నాళ్లకు ఇద్దఱితో. సంక్రాంతి సెలవులు గడచిన తరువాత ఒకనాడు ఒంటిగా నిలిచి, వణకు గొంతుతోనే, పద్యము ముగించెను. తరగతిలో నెవ్వడును నవ్వలేదు. నవ్వరాదను కట్టుబాటు ముందే యున్నది. తల్లి ప్రతి శుక్రవారము ఒకే వేళకు ఫోనులో మాటలాడునట్లు అవ్వ ఏర్పాటు చేసెను. ఎప్పుడు వచ్చునో తెలియని పిలుపుకంటె, తప్పక వచ్చు పిలుపు అట్టి బిడ్డకు ఊతము. వాడు పెద్దయై నేడు సంసారము నడుపుకొనుచున్నాడు. నేటికిని మితభాషియే. మితభాషిత్వము రోగము కాదు.

పెద్దలు సాధారణముగా చేయు పొరపాట్లు రెండు. మొదటిది బెదరించుట. అన్నము తినని బిడ్డకు బూచిని చూపుట, పలుకని పిల్లవానిని చుట్టముల నడుమ నిలిపి "పిఱికిపంద" అని నవ్వుట, ఈతరాని వానిని బావిలోనికి త్రోసినట్లు ఒక్కసారిగా జనములోనికి త్రోయుట ఇందులోనివే. బిడ్డ యేడ్చినను, తినకున్నను, మాట వినకున్నను రాక్షసుల పేరో పిశాచముల పేరో చెప్పి భయపెట్టరాదని చరకసంహిత శారీరస్థానములో స్పష్టముగా నున్నది. ఇన్ని శతాబ్దములు గడచినను మన యిండ్లలో బూచి యింకను కాపురముండుట విచారకరము.

రెండవ పొరపాటు ప్రేమవలన కలుగునది. కావున గుర్తించుట కష్టము. పిల్లవాడు జంకగానే తల్లి తానే బదులు చెప్పును. పెండ్లికి రానన్న, "పోనీలే, ఇంట నుండుము" అనును. ఆ క్షణమున బిడ్డ గుండె దడ తగ్గును. తగ్గుటవలననే తప్పించుకొనుట మేలను పాఠము వాని దేహము నేర్చుకొనును. మఱునాడు దడ ఇంకను ముందుగా వచ్చును. ఇట్లు నెమ్మదిగా వాని లోకము బజారునుండి వీథికి, వీథినుండి వాకిలికి, వాకిలినుండి గదిలోనికి కుదించుకొనిపోవును. ఆడపిల్లల విషయమున ఈ ప్రమాదము హెచ్చు. బిడ్డ రానన్నదే సాకుగా, "ఆడపిల్లకు అణకువయే అందము" అని బడి మాన్పించుట కలదు. అణకువ యని మనము మెచ్చునది ఒక్కొక్కప్పుడు లోలోపలి వణకు.

ఈ రెంటి నడుమనున్న త్రోవయే అడుగడుగుగా నడిపించుట. 2005లో ఆస్ట్రేలియాలో రొనాల్డ్ రేపీ యను పండితుడును ఆయన సహచరులును బడియీడు రాని 146 మంది బెదురు పిల్లల కుటుంబములను తీసికొని, కొందఱు తల్లిదండ్రులకు ఆఱు పాఠములు మాత్రము చెప్పిరి. పిల్లలకు మందులు లేవు. పాఠములు పెద్దలకే. అతిగా కాచుట తగ్గించి, భయమును మెట్లుమెట్లుగా ఎదుర్కొననిచ్చుట వాని సారము. ఏడాది పిదప ఆ యిండ్లలోని పిల్లలయందు ఆందోళనరోగములు తక్కువగా కనబడెను. మూడేండ్ల పిదపను ఆ మేలు నిలిచెను. మొక్కై వంగనిది మానై వంగదను సామెతలోని నిజము ఇది. కాని వంచుట యనగా విఱుచుట కాదు.

దీనిని మన యింట చేయుట కష్టము కాదు. అంగడికి పోవుటకు జంకు బిడ్డను మొదట అవ్వ వెంట పోయి చూడనిండు. కొన్నాళ్లకు రూపాయలను వాని చేతనే ఇప్పింపుడు. పిదప సరకు పేరు వాని నోటనే చెప్పింపుడు. చివరకు అవ్వ వీథి మలుపున నిలువగా వాడొక్కడే పోయి రావలెను. ఒక మెట్టు మీద దడ తగ్గిన పిదపనే రెండవ మెట్టు. క్రొత్త చోటికి పోవునపుడు అచ్చట ఎవరుందురో, ఏమి జరుగునో ముందురోజే చెప్పుడు. వాడు వేసిన అడుగును మెచ్చుకొనుడు, వేయని అడుగును నలుగురిలో ఎత్తకుడు. అన్నతోను ప్రక్కింటివానితోను పోల్చకుడు. బడిపంతుళ్లు అట్టి పిల్లవానిని మొదటి దినముననే నల్లబల్లయొద్దకు పిలువక, ఒక పని చేతికిచ్చి, ఒక స్నేహితుని ప్రక్కన కూర్చుండబెట్టినచో సగము పని తీరును.

ఇవి చాలని సందర్భములు కలవు. ఇంట మాటలాడు బిడ్డ బడిలో నెలలతరబడి ఒక్క మాటయైన పలుకకున్నను, బడివేళకు ప్రతిదినము కడుపునొప్పి, వాంతి వచ్చుచు సెలవుదినమున రాకున్నను, నిద్రయు ఆకలియు చెడినను, ఎదిగిన పిల్ల "నేను బ్రతికి యేమి లాభము" అనినను, ఆలస్యము చేయరాదు. అట్టి మాటను బెదరింపుగా కొట్టివేయకుడు. ఆ బిడ్డను ఒంటిగా విడువక వెంటనే వైద్యునికి చూపుడు. కర్నూలు, కడపల ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులలో మానసిక వైద్యులు కలరు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, డబ్బు ఖర్చు లేకయే తెలుగులో మాటలాడి సలహా పొందవచ్చును. దర్గాకు పోవువారు పోవచ్చును, దిష్టి తీయువారు తీయవచ్చును. వైద్యుని యొద్దకు మాత్రము పోక మానవద్దు.

తల్లులారా, తండ్రులారా, ఉపాధ్యాయ మిత్రులారా, మీ యింటనో మీ తరగతిలోనో గుమ్మము పట్టుకొని నిలిచిన బిడ్డ యొకడుండవచ్చును. వాని చేయి గుమ్మమునుండి ఊడబెఱుకకుడు. ఆ గుమ్మముననే వానిని విడిచిపోవనువద్దు. మీ చేతిని అందించి, వాడు పట్టుకొనువఱకు నిలిచియుండుడు.